చౌకగా కొన్నది ఏ పద్దు కింద రాయాలి?

విశాఖపట్నం నుంచి ఒక సోదరుడు రమజాన్‌కు ముందు మాకొక ప్రశ్న పంపారు. ఆయన ఓడల్లో ఉద్యోగి. ఏడాదిలో సగానికి పైగా సముద్రం మీదే గడుపుతారు. బాల్యం మర్రిపాలెంలో రైలు పట్టాల పక్కన గడిచిందట. కిరండూల్ నుంచి ఇనుప ఖనిజం మోసుకుని రేవుకు వచ్చే గూడ్సు బళ్ళ పెట్టెలు లెక్కబెట్టడమే అప్పటి ఆట. ఆ ముచ్చట పెద్దయ్యాక బొమ్మ రైళ్ళ మీదికి మళ్ళింది. ఓడ ఏ రేవులో ఆగినా బొమ్మ రైళ్ళ దుకాణం ఎక్కడుందో వాకబు చేస్తారు. "మౌలానా సాహెబ్, నా దగ్గర నలభైకి పైగా ఇంజన్లున్నాయి. సగం డబ్బాలు విప్పనే లేదు. చాలావరకు క్లియరెన్స్ సేల్‌లో కొన్నవే. వీటి మీద జకాత్ ఉందా?" అన్నది ఆయన ప్రశ్న.

దీనికి జవాబు ఫిఖహ్ గ్రంథాల్లో రెండు ముక్కల్లో దొరుకుతుంది. అయితే ఆ రెండు ముక్కలు ఆయనొక్కరికే కాదు, బీరువాలో కవరు విప్పని బట్టలున్న ప్రతి ఇంటికీ వర్తిస్తాయి. కనుక కొంచెం వివరంగా రాయడం అవసరమనిపించింది.

ముందు ఈ బొమ్మల సంగతి. ఇవి ఉరుసుల్లో, సంతల్లో అమ్మే తాళం బొమ్మలు కావు. బ్రిటన్‌లో ఎక్కువగా చలామణిలో ఉన్న కొలత ప్రకారం అసలు ఇంజనులో 76వ వంతు పరిమాణంలో, రంగుతో నెంబరుతో సహా అచ్చు దించినట్టు తయారుచేస్తారు. కరెంటుతో నడుస్తాయి. ఫ్రాంక్ హార్న్‌బీ అనే ఆయన సంస్థ 1920లో మొదలుపెట్టిన ఈ బొమ్మ రైళ్ళు ఆ దేశంలో తరతరాలకు తెలుసు. ఇవాళ అక్కడ చాలా ఇంజన్ల ధర మన డబ్బులో పదివేలు దాటుతుంది. కొనేవాళ్ళలో పిల్లలు తక్కువ, తలనెరిసినవాళ్ళు ఎక్కువ.

ఈ వ్యాపారంలో ఒక చిక్కుంది. తయారీదారు ఒక నమూనాను ఒక విడతగా చేస్తాడు. మళ్ళీ అదే రంగులో, అదే నెంబరుతో ఎప్పుడు చేస్తాడో, అసలు చేస్తాడో లేదో చెప్పలేం. దుకాణదారు ముందుగానే ఇన్ని కావాలని చెప్పి తెప్పించుకోవాలి. అవి కదలకపోతే పెట్టుబడి అరల్లో ఇరుక్కుపోతుంది, ఈలోగా కొత్త విడత వచ్చేస్తుంది. అప్పుడు ధర తగ్గించి పాత సరుకు వదిలించుకుంటాడు. కొనేవాడికి రెండు భయాలు. ఇప్పుడు కొనకపోతే మళ్ళీ దొరకదేమో! ఇప్పుడే కొంటే వచ్చే నెల ధర తగ్గుతుందేమో! మొదటి భయంతో కొందరు అవసరానికి మించి కొంటారు, రెండో భయంతో కొందరు సేల్ వచ్చేదాకా జేబు తెరవరు. 2017లో హార్న్‌బీ కంపెనీకి కొత్త యాజమాన్యం వచ్చాక, ఆదాయం పడిపోయినా సరే, తగ్గింపు అమ్మకాలు ఆపాలని నిర్ణయించుకుంది. లివర్‌పూల్‌లో 1946లో మొదలైన హ్యాటన్స్ అనే పేరుమోసిన బొమ్మ రైళ్ళ దుకాణం 2024 జనవరిలో మూసివేత ప్రకటించి, ఉన్న సరుకంతా అమ్మకానికి పెట్టింది. మన సోదరుడి డబ్బాల్లో కొన్ని అక్కడివేనట.

బొమ్మలకు ఇంత డబ్బా అని కొందరు మండిపడవచ్చు. తొందరపడవద్దని మనవి. హజ్రత్ ఆయిషా (రజి) గారి బొమ్మల్లో గుడ్డతో చేసిన రెక్కల గుర్రం ఒకటి ఉండేదని, గుర్రానికి రెక్కలేమిటని దైవప్రవక్త (స) అడిగితే, సులైమాన్ ప్రవక్త గుర్రాలకు రెక్కలున్నాయని మీరు వినలేదా అని ఆమె ఎదురడిగారని, దానికాయన పళ్ళు కనబడేంతగా నవ్వారని అబూదావూద్ హదీసు గ్రంథంలో ఉంది. ఆ ఇంట్లో బొమ్మకు చోటుంది. మనిషికి షౌఖ్ ఉండటం తప్పు కాదు. మన ఏటికొప్పాక లక్క బొమ్మల్లో రైలుబండి కూడా ఉంది. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రను చిత్రిక పట్టి చేసే ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. (మాల్‌లో చీటీ మీద అచ్చేసిన ధరకు నోరు మెదపకుండా డబ్బు కట్టే మనమే, ఆ బొమ్మలు చేసే మనిషి దగ్గర మాత్రం పది రూపాయల కోసం పావుగంట బేరమాడతాం. ఇది వేరే సంగతి.)

ధర తగ్గించి అమ్మడం కూడా ధర్మసమ్మతమే. మదీనాలో ధరలు పెరిగి ప్రజలు ధర కట్టమని అడిగినప్పుడు, ధరలను నిర్ణయించేవాడు అల్లాహ్ అని చెప్పి దైవప్రవక్త (స) నిరాకరించారు. హాతిబ్ (రజి) అనే సహాబీ బజారులో ఎండుద్రాక్షను మిగతావారికంటే తక్కువకు అమ్ముతుంటే హజ్రత్ ఉమర్ (రజి) ఆగి, ధర పెంచు, లేదా మా బజారు నుంచి వెళ్ళిపో అన్నట్టు ముఅత్తాలో ఉంది. చిన్న వ్యాపారులు దెబ్బతింటారన్నది ఆయన ఆందోళన. అయితే తర్వాత ఆయనే హాతిబ్ ఇంటికి వెళ్ళి, అది తీర్పు కాదు, నీ ఇష్టమొచ్చినచోట ఇష్టమొచ్చినట్టు అమ్ముకో అని చెప్పినట్టు మరో ఉల్లేఖనం ఉంది. ఇమామ్ షాఫయీ (రహ్మ) దీన్ని ఉల్లేఖించారు.

తప్పు ఎక్కడ మొదలవుతుందంటే, ఎనిమిది వందల చీర మీద పదహారు వందల చీటీ అంటించి సగం ధర అని బోర్డు పెట్టినప్పుడు. ఇది తద్‌లీస్, అంటే సరుకు విషయంలో కొనేవాణ్ణి భ్రమపెట్టడం. ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి లోపలి తడిని బయటపెట్టిన దైవప్రవక్త (స), మోసం చేసేవాడికి మనతో సంబంధం లేదన్నారు. సేల్ సరుకులో చిరుగు ఉంటే చూపించి అమ్మవచ్చు, దాచి అమ్మరాదు. ఇక "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న బోర్డు విషయం. కొని పశ్చాత్తాపపడినవాడి సరుకు వాపసు తీసుకోవడాన్ని మన ధర్మం ఇఖాలా అని పిలిచి పుణ్యకార్యంగా చెప్పింది. లోపమున్న సరుకు వాపసు తీసుకోకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కూడా అక్రమ వ్యాపార పద్ధతే. ముస్లిం వ్యాపారులు ఆ బోర్డు విషయం మరోసారి ఆలోచించాలి.

ఇక కొనేవాడి సంగతి. అసలు విషయం ఇక్కడే ఉంది.

ఆ సోదరుణ్ణి మేము ఒక్కటే అడిగాం: కొన్న రోజున మీ నియ్యత్ ఏమిటి? ఎందుకంటే హనఫీ ఫిఖహ్ ప్రకారం ఒక వస్తువు వ్యాపార సరుకు కావాలంటే, కొనేటప్పుడే దాన్ని అమ్మే ఉద్దేశం ఉండాలి. అలా ఉంటే అది వ్యాపార పద్దు. ప్రతి ఏటా ఆ రోజు బజారు ధర కట్టి నూటికి రెండున్నర చొప్పున జకాత్ తీయాలి. సొంతానికి కొన్నదైతే వాడకం పద్దు. దాని మీద జకాత్ లేదు. తర్వాతెప్పుడో అమ్మాలనిపించినా, నిజంగా అమ్మి డబ్బు చేతికి వచ్చేదాకా లేదు.

ఆయన కొంచెంసేపు తటపటాయించి, "షౌఖ్ కోసమే కొన్నాను, కానీ వీటి ధర పెరుగుతుంది కదా, పెట్టుబడిగా కూడా పనికొస్తాయి" అన్నారు. ఈ మాట మనందరిదీ. ఇంట్లో భార్య అడిగితే పెట్టుబడి అంటాం. జకాత్ లెక్క వచ్చేసరికి అది ఆటవస్తువు అయిపోతుంది. పెట్టుబడి అని నిజంగా నమ్మి, అమ్మడానికే కొంటే లెక్క కట్టి జకాత్ ఇవ్వాలి. అలా కాదంటే పెట్టుబడి అన్న మాట నోట రాకూడదు. ఒకే వస్తువును ఖర్చు చేసేటప్పుడు ఒక పద్దులో, దానం చేసేటప్పుడు మరో పద్దులో రాయడం కుదరదు. ఆయన ఆలోచించి, అమ్మే ఉద్దేశం లేదని తేల్చుకున్నారు. కనుక జకాత్ లేదని చెప్పాం.

అయితే సంగతి అక్కడితో అయిపోలేదు. విప్పని ఆ ఇరవై డబ్బాలు అమ్మకానికి కాదు సరే, మరి వాడకానికా? వాడటం లేదు కదా! ఫిఖహ్‌లో దీనికి మూడో పద్దు ఉంది. మన ఇళ్ళలో దీన్ని తెలిసినవారు తక్కువ. ఉర్దూ గ్రంథాల్లో దీన్ని "జరూరత్ సే జాయిద్ సామాన్" అంటారు, అవసరానికి మించిన సామాను. దీని మీద జకాత్ లేని మాట నిజమే. కానీ హనఫీ ఉలమా ప్రకారం సదఖతుల్ ఫిత్ర్, ఖుర్బానీ ఎవరి మీద వాజిబ్ అవుతాయో తేల్చేటప్పుడు ఈ సామాను విలువ కూడా కలపాలి. ఏడాది పొడుగునా ముట్టుకోని బట్టలు, పాత్రలు, అలంకరణ వస్తువులు వీటి కిందికే వస్తాయి. అప్పులు తీసివేసి, డబ్బు, బంగారం, ఈ అదనపు సామాను కలిపి 52½ తులాల వెండి, అంటే సుమారు 612 గ్రాముల వెండి విలువకు చేరితే, ఆ మనిషి ఖుర్బానీ ఇవ్వాలి, జకాత్ పుచ్చుకోకూడదు.

ఇప్పుడు విశాఖ బజారుకు వద్దాం. ఆషాఢంలో హిందూ సోదరుల ఇళ్ళలో పెళ్ళిళ్ళుండవు. బట్టల కొట్లు బోసిపోతాయి. దసరాకు కొత్త సరుకు దించాలంటే పాతది కదలాలి. అందుకే జగదాంబ నుంచి ద్వారకానగర్ దాకా, అటు గాజువాకలోనూ ఆషాఢం సేల్ బ్యానర్లు కడతారు. ఒకటి కొంటే ఒకటి ఉచితం. ఆషాఢంతో మనకే సంబంధమూ లేకపోయినా ఆ వరసల్లో బురఖాలు తక్కువేమీ కాదు. అది తప్పని మేము అనడం లేదు. పెళ్ళికెదిగిన కూతురున్న తల్లి తక్కువ ధరలో మంచి చీర చూసి పక్కన పెట్టుకుంటే అది ముందుచూపు. కానీ గమనించండి, ఆ సేల్ పెట్టిన అవసరం దుకాణదారుది. ఖాళీ కావలసినవి అతని అరలు. మన అవసరం మనం ఇంటి నుంచి వెంట తీసుకుపోవాలి, అది బ్యానరు మీద దొరకదు. జాబిర్ (రజి) మాంసం కొని తీసుకెళుతుంటే హజ్రత్ ఉమర్ (రజి) ఆపి, మనసు కోరినదల్లా కొనేస్తావా అని అడిగారు. మాంసం హలాలే, డబ్బూ హలాలే. అయినా అడిగారు.

రేవు పట్నం వాళ్ళకు డెమరేజి అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. దిగిన సరుకు షెడ్డులో ఊరికే పడి ఉంటే రోజులు గడిచేకొద్దీ రుసుము పెరుగుతుంది. 30 రోజుల్లో విడిపించుకోకపోతే నోటీసు ఇచ్చి అమ్మేసే వీలు 1962 కస్టమ్స్ చట్టంలోనే ఉంది. ఇంటి బీరువాకు అలాంటి చట్టం లేదు గనక సరుకు ఏళ్ళ తరబడి పడి ఉంటుంది.

దాని రుసుము ఎప్పుడు బయటపడుతుందో ఈ సంగతి చూడండి. 2024లో ఉక్కు కర్మాగారంలో జీతాలు సకాలంలో అందక, అందినవీ విడతలుగా వచ్చిన నెలలు అందరికీ గుర్తే. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించేదాకా గాజువాక అంతా బిక్కుబిక్కుమంటూ గడిపింది. ఆ బజారు మీద ఆధారపడ్డ చిన్న పనివాళ్ళ ఇళ్ళు ఇంకా ముందే కుదేలయ్యాయి. అలాంటి ఒక ఇంటి ఇల్లాలు, తాము జకాత్ తీసుకోవచ్చా అని మనిషి ద్వారా అడిగించారు. బంగారం అప్పటికే అమ్మేశారు. అరవై వేలు అప్పు. "ఇంట్లో విప్పని చీరలు, దుప్పట్లు, డిన్నర్ సెట్లు ఉన్నాయి, సేల్‌లో కొన్నవి. నలభై వేలదాకా పెట్టాం. దాచి తీసుకుంటే గునాహ్ అవుతుందేమోనని భయంగా ఉంది" అన్నారు.

ఇంతమంది వ్యాపారుల జకాత్ లెక్కలు చూశాం గాని, ఇంత నిజాయితీగా అడిగినవాళ్ళు మాకు తక్కువగా తటస్థపడ్డారు. ఆమెకు ఇచ్చిన జవాబు ఇది: ఆ సామానుకు కొన్న ధర కట్టకండి, చీటీ మీది ధర అసలే వద్దు. ఈ రోజు అమ్మితే ఎంతొస్తుందో అదే దాని విలువ. అడిగి చూస్తే పదివేలు కూడా పలకలేదు. అప్పు అంతకు ఆరింతలుంది. కనుక జకాత్ తీసుకోవడానికి ఆమెకు పూర్తి హక్కు ఉంది, సిగ్గుపడవలసిందేమీ లేదు. నలభై వేలు పదివేలుగా మారిన సంగతి మేము ఎత్తలేదు. అది ఆమెకు మాకంటే బాగా తెలుసు.

చివరిగా వ్యాపారులకు ఒక మసలా. రమజాన్ రాగానే కొన్నిచోట్ల "జకాత్ చీరలు" అని కట్టలు కట్టి అమ్ముతారు. కొందరు తమ కొట్టులో కదలని సరుకునే జకాత్ కింద పంచుతారు. హనఫీ ఫిఖహ్ ప్రకారం జకాత్‌ను వస్తువు రూపంలో ఇవ్వవచ్చు. కానీ మనకిస్తే కళ్ళు మూసుకుని తప్ప తీసుకోలేని నాసిరకాన్ని దానానికి ఎంచుకోవద్దని సూరా బఖరా 267వ ఆయత్‌లో అల్లాహ్ హెచ్చరించాడు. పైగా లెక్క కూడా ఉంది. చీటీ మీద 1,200 ఉండి, బజారులో 300కు కూడా పోని చీరను 1,200 కింద జకాత్‌లో రాసుకుంటే, 900 రూపాయల జకాత్ ఇంకా ఆ వ్యాపారి మెడ మీదే ఉన్నట్టు. అద్దె కట్టలేక వచ్చిన వితంతువు చేతిలో అలాంటి చీరలు మూడు పెట్టి పంపినవాళ్ళు, ఈ రాత్రే లెక్కల పుస్తకం తీసి ఆ వరసను దిద్దుకోవాలి, మిగిలినది ఆమెకు నగదుగా చేర్చాలి.