పగులు మీద పట్టీ వేసే ముందర

అల్లుడూ,

నిన్న నీ షాపు ముందర నిలబెట్టిన ట్రాక్టర్ ట్రైలర్‌ను పోతాపోతా చూసినా. కొక్కెం నుంచి వచ్చే చానల్, మొదటి అడ్డ చానల్‌ను కలిసే కాడ పగిలింది. మామిడి సీజను, దామలచెరువు మండీకి కాయ పోవాల, సాయంత్రానికి బండి కావాలంటాడు రైతు. నువ్వు అప్పుడే మందం ప్లేటు కోసి పక్కన పెట్టుకోనుండావు. అది అతికించే ముందర ఈ ముసలి మామ మాట ఒకటి విను.

ఇనుము ఊరికే పగలదురా. రెండు చక్రాల ట్రైలర్‌లో బరువు ముందుకు ఎక్కువైతే కొక్కేన్ని కిందికి తొక్కుతుంది, వెనక్కి ఎక్కువైతే పైకి లేపుతుంది. పిన్ను అరిగి వదులైందంటే ప్రతి స్పీడ్ బ్రేకర్ ఒక సమ్మెట దెబ్బే. భాకరాపేట ఘాటు దిగేటప్పుడు లోడు బండి వెనక నుంచి ట్రాక్టర్ని నెడతా ఉంటుంది, ఆ దెబ్బలన్నీ పగిలిన చోటే పడతాయి. ఒకపక్క కమాను పట్టీ విరిగి ఉంటే ఫ్రేమంతా మెలిపడుతుంది. ముందు పిన్ను, దాని బెజ్జం, కమాన్లు చూడు. అవి అట్లనే పెట్టి నువ్వెంత బాగా అతికినా ఆ బండి మళ్ళీ నీ దగ్గరికే వస్తుంది.

నాకు వచ్చింది. షాపు పెట్టిన కొత్తలో ఒక చెరకు బండికి 12 మిల్లీమీటర్ల ప్లేటు పగులు మీద పెట్టి నాలుగు పక్కలా మూసి అతికినా. ఏనుగెక్కినా కదలదని రైతుతో బడాయి కూడా పోయినా. నెల తిరక్కముందే వచ్చింది. ప్లేటు చెక్కు చెదరలేదు, దాని అంచు పక్కనే చానల్ నిట్టనిలువునా చీలింది! సన్న చానల్ కొంచెం వంగుతా బతుకుతుంది. దాని మీద మొద్దు ప్లేటు వేస్తే వంగేదంతా ప్లేటు అంచుకాడ పోగవుతుంది. పైగా లాగే దారికి అడ్డంగా వెల్డింగ్ గీత పడితే అదే కొత్త పగులుకు మొదలు. అందుకే ప్లేటు చానల్ మందానికి దగ్గరగా, పొడుగ్గా ఉండాల. కొసలు మొన తేల్చి కోయి. పక్కల పొడుగునా అతుకు, మొనల కాడ అడ్డంగా మూయొద్దు. మన చంద్రగిరి కోటలో రాజమహల్ చూసినావు గదా, కలప లేకుండా రాయి, ఇటుక, సున్నంతోనే నిలబడింది. బరువును ఆర్చీల మీంచి యాడికి దింపాల్నో కట్టినోళ్ళకు తెలుసు. నువ్వూ ఆ లెక్కే చూసుకో.

పగులు కంటికి కనిపించే కాడితో అయిపోదు. కిరసనాయిలు పూసి, బాగా తుడిచి, సుద్ద రుద్దు. లోపల ఇంకిన నూనె గీతలాగ పైకి తేలుతుంది. దాని చివర్న డ్రిల్లుతో చిన్న బెజ్జం వేస్తే పగులు ముందుకు పాకదు. నూనె, రంగు, తుప్పు శుభ్రంగా తీసేసి, గ్రైండరుతో పగులును అడుగు దాకా కోసి, అప్పుడు నింపు. ఒక్కో వరస వేసినాక స్లాగ్ కొట్టి, బ్రష్షు పట్టు.

గేటుకూ కిటికీకీ వాడే 6013 రాడ్డుతో ఈ అతుకు వద్దు. 7018 తీసుకో. ఆ 70 అంకె చదరపు అంగుళానికి 70,000 పౌన్ల లాగుడు బలానికి గుర్తు. కాకపోతే అది తేమకు ఓర్చదు. కవరు చింపి వానకాలం మూలన పడేసిన రాడ్డు అయితే అతుకులోకి హైడ్రోజన్ ఎక్కి, చల్లారినాక పగలగొడుతుంది. దానికి డీసీ మిషను మేలు. నీ పాత ఏసీ మిషను మీద మామూలు 7018 సరిగ్గా మండదు, పక్క షాపులో డీసీది అడిగి తెచ్చుకో, నామోషీ ఏం లేదు.

కమాను పట్టీ, ఇరుసు, కొక్కెం పిన్ను, ఈ మూడిటి జోలికి హోల్డరు పోకూడదు. వాటి గట్టితనం వేడికి చెడుతుంది, కొత్తవి తెచ్చుకోమను. ఎర్తు అతుకు పక్కనే తగిలించు, యాడనో చక్రం కాడ తగిలిస్తే కరెంటు బేరింగుల్లోంచి పోయి వాటిని కొరికేస్తుంది. రిమ్ము కాడ పని పడితే టైరు ఊడదీయి. గాలి తీస్తే చాలనుకోవద్దు, వేడికి లోపలి రబ్బరు ఆవిరై బాంబులా పేలుతుంది.

బలం పెంచినాం కదా, ఇంకో టన్ను ఎక్కించుకోవచ్చా అని రైతు అడుగుతాడు, చూడు. వద్దని చెప్పు. నువ్వు గట్టి చేసింది ఒక అతుకు, టైర్లూ ఇరుసూ పాతవే.

నల్లద్దం లేకుండా ‘ఒక్క టాకానే గదా’ అనొద్దు. రాత్రికి కళ్ళలో ఇసుక పోసినట్లుంటుంది, మీ అత్తను అడుగు, ఎన్ని తడిగుడ్డలు వేసిందో చెబుతుంది. బండి పంపేటప్పుడు వెనక రేడియం స్టిక్కర్లు కూడా అంటించు. మండీ నుంచి చీకట్లో తిరిగొచ్చే బండి అది.

ఒక లోడు తోలినాక తెచ్చి చూపించమను, డబ్బులు అడగొద్దు. నాకూ ఒక ఫోను చెయ్యి, సుద్ద నేను తెస్తా.