అభిరామయ్యకు వేమన తీర్చిన బాకీ

కదిరి దగ్గర కటారుపల్లిలో వేమన సమాధి ఉంది. 2022లో జిల్లాలు విడిపోయి అది శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లినా, అనంతపురం వాళ్లకు వేమన ఇప్పటికీ మన జిల్లా మనిషే. ఆయన మీద చెప్పుకునే కథల్లో నాకు బాగా పట్టింది అభిరామయ్య కథ. చరిత్రకు నిలిచే ఆధారాలు లేవనుకోండి, అయినా వినదగ్గదే.

అభిరామయ్య కంసాలి. లంబికా శివయోగిని భక్తితో సేవించాడు. మంత్రోపదేశం చేస్తాను రమ్మన్నాడు యోగి. సంగతి పసిగట్టిన వేమన అతన్ని కదలకుండా చేసి, తానే వెళ్లి ఉపదేశం పుచ్చుకున్నాడు. తిరిగొచ్చి అభిరామయ్య కాళ్లమీద పడ్డాడు. చెవిన పడ్డ మంత్రాన్ని వెనక్కి ఇవ్వడం ఎలా? అందుకే పద్యం చివర తన పేరుకన్నా ముందు అభిరాముడి పేరు నిలిపాడని జనం నమ్మకం. 1829లో బ్రౌన్ దొర పద్యాలు అచ్చువేయించే నాటికే ఆ పేరు ఊరూరా వినిపిస్తోంది.

తప్పు చేశానని కుమిలిపోయేవాడి ధ్యాసంతా తన మీదే ఉంటుంది. నష్టపోయినవాడు అప్పటికీ పక్కనే నిలబడి ఉంటాడు, కంటికి ఆనడు. వేమన కథలో నాకు నచ్చింది ఇదే, చూపు అవతలివాడి మీదికి మళ్లింది.

మనమూ ఇలాగే నేలకు బాకీపడ్డాం. మన అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే గొప్ప. కొర్ర, సజ్జ, ఆరిక పండిన ఎర్రనేలల్లో ఏటేటా చెనిక్కాయే వేశాం. ఎండితే ‘ఇంగొక్క బోరు ఏద్దాం’ అన్నాం. ఇప్పుడు చేలల్లో కేసింగ్ పైపు, దాని మూతిమీద బండరాయి. నాలుగడుగుల అవతల మరో పైపు, మరో రాయి. తప్పంతా రైతుదే అనడం అన్యాయం. అప్పులు, బీమా కూడా అతన్ని అటే నడిపించాయి. కొందరు మాత్రం ప్రకృతి సేద్యంలోకి దిగి, తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను పచ్చగా ఉంచుతున్నారు. బాకీ తీర్చడమంటే ఇదీ.

నేల ఎన్నాళ్లయినా ఓర్చుకుంటుందేమో, మనుషులకు అంత వ్యవధి లేదు. చదువు మానేసి మిమ్మల్ని చదివించిన అన్న, వాటా అడగని అక్క ఎవరైనా ఉంటే, ఈసారి పండక్కి నలుగురిలో వాళ్ల పేరు ముందు చెప్పండి. వాళ్లు వినగలిగినప్పుడే చెప్పండి.