పేరు పలకని నాదం

భగవన్నామం లేని సంగీతం ఆరాధన అవుతుందా? అవుతుందనే నా నమ్మకం. ఆ నమ్మకాన్ని నాలో గట్టిపరిచింది ఎర్త్ అనే అమెరికన్ రాక్ బృందం.

1989లో వాషింగ్టన్ రాష్ట్రంలో డిలన్ కార్ల్‌సన్ దీన్ని మొదలుపెట్టాడు. 1993లో సియాటిల్‌ కంపెనీ సబ్ పాప్ వీళ్ల ‘ఎర్త్ 2’ ఆల్బం విడుదల చేసింది. మూడే ట్రాకులు, 73 నిమిషాలు. పాడేవాళ్లు లేరు, డ్రమ్ములు లేనట్టే. శ్రుతి బాగా కిందికి దించిన గిటారు తీగని మీటి వదిలేస్తారు. ఆ మోత ఆంప్లిఫయర్లో ఉరుముతూ ఉండగానే నెమ్మదిగా ఇంకోటి. మొదట్లో ఏమీ జరగడం లేదనిపిస్తుంది. మా రావికమతం వైపు బెల్లం వంటలో పెనం ముందు కూచున్నవాళ్లకి ఇది తెలుసు: చాలాసేపు నురగే కనిపిస్తుంది, పాకం మాత్రం లోపల ముదురుతూనే ఉంటుంది.

ఓపిక పట్టి వింటే ఒక్క స్వరమనుకున్నదాంట్లోంచి ఎన్నో స్వరాలు పైకొస్తాయి. శ్రుతి చేసిన తంబురాలో ఎవరూ మీటని స్వయంభూ గాంధారం పలుకుతుంది కదా, అలాంటివే. ఇది కాకతాళీయం కాదు. కార్ల్‌సన్ అభిమానించిన స్వరకర్త లా మాంటే యంగ్, కిరానా ఘరానా గాయకుడు పండిట్ ప్రాణనాథ్‌కి శిష్యుడు. మన తంబురా అలా సముద్రాలు దాటింది.

ఒకరోజు మా నాయనమ్మ విని అడిగింది: “ఏట్రా ఇది? దేవుడి పేరు ఒక్కపాలైనా రానేదు!”

ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ మా రామకోవెల భజనలో పెద్దాయన శ్రుతిపెట్టె తెరిచాక, గొంతులు దానిలో కలిసేదాకా ఎవర్నీ పాట ఎత్తనిచ్చేవాడు కాదు. “శ్రుతి కలవకుండా రాముణ్ణి పిలవకండర్రా” అనేవాడు. ఆ కాసేపట్లో ఏ నామమూ లేదు. అయినా మేం అప్పటికే పూజలో ఉన్నాం. త్యాగరాజు ‘నాదతనుమనిశం’ కృతిలో నాదమే శరీరంగా గల శివుడికి మొక్కాడు. నాదమే ఆయన ఒళ్లయితే, పేరు పలకలేదని ఆయన లేకుండా పోతాడా?

గుండెలదిరే ప్రతి మోతా దైవమని అనను. ఊరేగింపుల్లో డీజే బాక్సులూ గుండెల్ని అదరగొడతాయి. అవి మనల్ని ఊపుతాయి, ఊరిస్తాయి, తర్వాతి దెబ్బ కోసం ఎదురుచూసేలా చేస్తాయి. ఎర్త్ ఆ ఎదురుచూపునే ఆపేస్తుంది. కూనిరాగానికి వరస దొరకదు, కాలితో వెయ్యడానికి తాళం దొరకదు. పట్టుకోవడానికేమీ లేక మనసు చివరికి శబ్దం దగ్గరే కూచుంటుంది. జపంలో నేను వెతికేది ఆ స్థితినే. ‘ఎర్త్ 2’ తర్వాత వచ్చిన 1995 నాటి ఆల్బం ‘ఫేజ్ 3: థ్రోన్స్ అండ్ డొమినియన్స్’కి క్రైస్తవంలోని దేవదూతల శ్రేణుల పేర్లు పెట్టారు. అందులో ముక్కలు చిన్నవయ్యాయి. నాకు మాత్రం ‘ఎర్త్ 2’యే గొప్పది.

ఫోన్ స్పీకర్లో దీన్ని వినకండి, కింది స్వరాలు అందులో పలకవు. మంచి స్పీకర్లు పెట్టుకుని, మొదటి ట్రాకు పూర్తయ్యేదాకా లేవకుండా విని, ఇది పూజ అవునో కాదో అప్పుడు చెప్పండి.