బల్ల మీది వెలుగు

తుంగభద్ర ఎడమ కాలువ కింద, సింధనూరు తాలూకాలో, ఒక క్యాంపులో ఒక పెద్దాయన ఉండేవాడు. 1953లో డ్యాము నీళ్లు కాలువలకెక్కాక గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి రైతులు తరలివచ్చి, నల్లరేగడిని మళ్లు చేసి స్థిరపడిన ఊళ్లను రాయచూరు జిల్లాలో ఇప్పటికీ క్యాంపులనే పిలుస్తారు. పెద్దాయన సోనా మసూరి పండించి నిలదొక్కుకున్న మనిషి. పెద్ద మనవడికి బిలియర్డ్స్ ఆటగాడు పంకజ్ అద్వానీ అంటే ప్రాణం. వాడి కోసం డాబా మీద హాలు కట్టించి, ఎనిమిదడుగుల పూల్ టేబుల్ కొన్నాడు.

బల్ల వచ్చింది, దీపం కావాలి. బెంగళూరు నుంచి గాజు తొడుగుల షాండ్లియరు తెప్పించి, హాలు నడిమధ్య, ఫ్యానుకు కాస్త పైగా బిగించాడు. సంక్రాంతికి వచ్చినవాళ్లంతా మెట్లెక్కగానే తలెత్తి చూశారు.

"ఎంతైంది మావయ్యా?" అన్నాడు అల్లుడు.

పెద్దాయన అంకె చెప్పి సంబరపడ్డాడు. ఆ సంబరం మొదటి ఆట పూర్తయ్యేదాకా కూడా నిలవలేదు. ఆ పసుపుపచ్చ వెలుగులో ఊదారంగు 4 నంబరు బంతి అనుకుని అల్లుడు కొట్టింది చివర్న వేయాల్సిన నల్లటి 8. అది పాకెట్లో పడింది, ఆట పోయింది. "అది నాలుగే" అని అతను, "కళ్లు చూపించుకో బావా" అని బావమరిది. ఫ్యాను రెక్కల నీడలు బల్ల మీద గిరగిరా తిరుగుతుంటే గురి కుదరక మిగతావాళ్లు కర్రను తిట్టారు, బల్లను తిట్టారు, చివరికి ఒకళ్లనొకళ్లు తిట్టుకున్నారు.

వెలుగు చాలలేదనుకున్నాడు పెద్దాయన. హాలు నాలుగు మూలలా నాలుగు స్పాట్ లైట్లు పెట్టించాడు. ఇప్పుడు ఒక్కో బంతికి నాలుగు నీడలు. వంగి గురి చూసేవాడికి ఎదురు మూల నుంచి లైటు సూటిగా కంట్లో పొడిచేది. పండగ అయిపోకముందే పిల్లలు కర్రలు గోడకానించి ఫోన్లు పట్టుకున్నారు.

ఆ రాత్రి పెద్దాయనకు నిద్ర పట్టలేదు. కాలువ గట్టు దాకా నడిచి వస్తూ టీ కొట్టు దగ్గర ఆగాడు. ట్రాక్టరు డ్రైవర్లు క్యారమ్స్ ఆడుతున్నారు. చూరు నుంచి వైరు, వైరు చివర రేకు తొడుగు, లోపల ఒకే ఒక్క బల్బు, బోర్డుకు రెండున్నర అడుగుల ఎత్తున. తొడుగు అంచు కిందికి దిగి ఉండటం వల్ల నిలబడ్డ వాళ్లకు బల్బు కనబడటం లేదు. ఆటగాళ్ల మొహాలు సగం చీకట్లో ఉన్నాయి. బోర్డు మాత్రం పట్టపగల్లా ఉంది. పౌడరు చల్లిన చోటల్లా స్ట్రైకరు జారిన గీత కూడా కనబడుతోంది. నల్ల కాయ అంచు నల్ల కాయ అంచులానే ఉంది, పక్కన నీడ లేదు. ఎంతసేపు నిలబడి చూసినా ఆ ఆటలో ఒక్క తగాదా రాలేదు.

"ఎన్ని వాట్లురా ఆ బల్బు?"

"తొమ్మిది, తాతా."

తెల్లారేసరికి షాండ్లియరు దిగింది, స్పాట్ లైట్లు దిగాయి. అలాంటి రేకు తొడుగే, అలాంటి బల్బే బల్ల నడుమ వేలాడింది. నడిమధ్య దేదీప్యమానం, పాకెట్లున్న మూలల్లో చీకటి. పెద్దాయన తల పట్టుకుని టీ కొట్టు కుర్రాణ్ణి పిలిపించాడు. వాడు బల్ల చుట్టూ ఒకసారి తిరిగాడు.

"మా బోర్డు చదరం, తాతా. మీ బల్ల పొడుగు. దీపం కూడా పొడుగ్గా ఉండాలి కదా" అన్నాడు.

నాలుగున్నర అడుగుల రేకు తొడుగు చేయించి, లోపలంతా తెల్లరంగు వేయించి, వరసగా మూడు బల్బులు పెట్టించాడు పెద్దాయన. మరుసటి సంక్రాంతికి అల్లుడు మెట్లెక్కి వచ్చి పైకి చూడలేదు. నేరుగా కర్ర అందుకుని సుద్ద రాశాడు. రాత్రి పొద్దుపోయేదాకా ఆడారు. దీపం ఎంతైందని ఒక్కరూ అడగలేదు.

నీతి: దీపం గొప్ప దాని కింద ఉన్నవాటిలో కనబడాలి.

నలుగురికీ మేలు చేసేవాళ్లకూ ఇది వర్తిస్తుందని నా నమ్మకం. ఎవరి సాయం పొందినప్పుడు ఆ మనిషి కన్నా మన దారే స్పష్టంగా కనబడుతుందో వాళ్లే పెద్దలు. కృష్ణ ఒడ్డున శక్తినగర్‌లో 1720 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉన్న జిల్లా ఇది. కరెంటు ఎంత తయారవుతుందో ఇక్కడ చిన్నపిల్లలూ చెబుతారు. ఆ కరెంటుతో వెలిగే బల్బు కాంతి ఎక్కడ పడాలన్న ఆలోచన ఏ ఇంట్లో అయినా ఆఖరునే వస్తుంది.

పెద్దాయన వేసిన మూడు తప్పటడుగుల్లో నాకు మూడోదే ముఖ్యం. ఆయన మంచిదాన్నే చూశాడు, కానీ బల్బును తెచ్చుకున్నాడు, దాని వెనక ఉన్న లెక్కను తెచ్చుకోలేదు. క్యారమ్ బోర్డు ఆడే భాగం ప్రతి వైపూ 29 అంగుళాలు. రెండున్నర అడుగుల ఎత్తున్న బల్బు నుంచి నడిమధ్య పడే వెలుగులో సగానికి పైగా మూలకు చేరుతుంది. ఎనిమిదడుగుల పూల్ టేబుల్ ఆడే భాగం 88 అంగుళాల పొడవు, 44 అంగుళాల వెడల్పు. దాని మధ్యన దాదాపు అదే ఎత్తులో ఒక్క బల్బు కడితే మూలకు చేరేది నడిమధ్య వెలుగులో అయిదో వంతు కూడా ఉండదు. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది, పైగా ఏటవాలుగా పడేది ఇంకా పలచబడుతుంది. బంతులు చేరాల్సిన చోటు మూలే కదా.

పోటీల కోసం వరల్డ్ పూల్ బిలియర్డ్ అసోసియేషన్ పెట్టిన కొలత కూడా ఈ మాటే చెబుతుంది. బల్ల మీద, అంచుల మీద ప్రతి చోటా కనీసం 520 లక్స్ ఉండాలి. అక్కడ దీపం పక్కకు జరిపే వీలుంటే బల్ల నుంచి కనీసం 40 అంగుళాల ఎత్తు, జరపలేనిదైతే కనీసం 65 అంగుళాలు. ఇళ్లలో చాలామంది 32 నుంచి 36 అంగుళాల మధ్య కడతారు. అంతకన్నా దించితే కర్ర తగులుతుంది, పెంచితే తొడుగు లోపలి బల్బు కంట్లో పడుతుంది. గది మొత్తం చీకటి చేసుకోకూడదు. గోడ వైపు ఒక చిన్న లైటు ఉంటే కళ్లు అలసిపోవు.

వేసవిలో నలభై డిగ్రీలు దాటే రాయచూరులో ఫ్యాను లేకుండా ఆట సాగదు. దీపం రెక్కల కిందికి దిగితే నీడల గొడవ తీరుతుంది. అయితే గాలికి తొడుగు ఊగితే నీడలు మళ్లీ కదులుతాయి, కాబట్టి ఒకే గొలుసుకు వేలాడదీయకుండా రెండు చివర్లా గట్టి కడ్డీలతో బిగించాలి. ఫ్యానును గోడకు మార్చగలిగితే మరీ మంచిది.

ఇక రంగు. 4000 కెల్విన్ దగ్గరి తెలుపు బాగుంటుంది. రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే సీఆర్ఐ అంకె 90 దాటితే మేలు, 80కి తగ్గితే వద్దు. షాపుకు వెళ్లేటప్పుడు 2, 4, 7, 8 నంబర్ల బంతులు సంచిలో వేసుకెళ్లండి. కౌంటరు మీద వరసగా పెట్టి, మిగతా లైట్లు ఆర్పించి, పైన ఆ బల్బు వెలిగించమనండి. నాలుగడుగులు వెనక్కి జరిగి చూస్తే నీలం, ఊదా, మెరూన్, నలుపు దేనికది విడిగా కనబడాలి. కనబడకపోతే డబ్బా మీద ఏం రాసి ఉన్నా ఆ బల్బు తీసుకోవద్దు.