కొలతకు లొంగనిది

చిన్న వస్తువును చూచినప్పుడు మన మనస్సు మెత్తబడును. ఏనుగును చూచి జంకు బిడ్డయే మట్టి ఏనుగును ప్రక్కన పెట్టుకొని నిద్రించును. ఇందులో దోషము లేదు. అయితే ఒక వస్తువును చిన్నదిగా చేసినంత మాత్రమున, అది చేసిన పని కూడ చిన్నదగునా? ప్రియ చదువరీ, ఈ ప్రశ్న నాకు ఏ గ్రంథమునుండియు రాలేదు. మా ఇంటి భోజనపు బల్లమీదనుండి వచ్చినది.

సెలవులకు వచ్చిన నా మేనల్లుడు ఒక అట్టపెట్టె తెచ్చెను. అందులో ‘హ్యూయీ’ అను అమెరికా సైన్యపు హెలికాప్టరు, హెచ్ రకము, ప్లాస్టిక్కు ముక్కలుగా ఉండెను. అది నిజమైన దానిలో 48వ వంతు కొలతకు చేసిన నమూనా. పైన తిరుగు రెక్క ఈ కొననుండి ఆ కొనకు 48 అడుగులు. నమూనాలో ఒక్క అడుగు. ఆరడుగుల మనిషి అంగుళమున్నర. పది దినములు అతడు ఆ బల్ల విడువలేదు. ముక్కలను చట్రమునుండి కత్తిరించి, అంచులను గరుకు కాగితముతో నునుపు చేసెను. లోపలి ఆసనములకు ముందుగానే రంగు వేసెను; ఏలయనగా రెండు ప్రక్కలను అతికిన పిమ్మట కుంచె లోనికి పోదు. దానికి వాడు జిగురు ముక్కల నడుమ నిలిచి పట్టుకొనునది కాదు. అంచులను కరగించి ఒకటిగా చేయునది. కావున తప్పుగా అతికినదానిని విడదీయుట కష్టము. అతని ఓపికను చూచి సంతోషించితిని.

చివరి దినమున అతడు తల ఎత్తి అడిగెను: “మామయ్యా, తలుపుల దగ్గర తుపాకులు పెట్టనా, లోపల స్ట్రెచర్లు పెట్టనా? పెట్టెలో రెండూ ఉన్నాయి.”

నేను ఆలోచింపకయే “స్ట్రెచర్లు పెట్టు నాయనా” అంటిని.

నా మాటకు ఆధారము లేకపోలేదు. 1955లో అమెరికా సైన్యము బెల్ కంపెనీ నమూనాను ఎన్నుకొన్నప్పుడు కోరిన పనులలో గాయపడినవారిని మోయుట ఒకటి. ఆ యంత్రము 1956 అక్టోబరు 20న టెక్సాసులో మొదటిసారి ఎగిరెను. హెచ్ రకములో ఆరుగురిని పండుకొనబెట్టి తీసికొనిపోవచ్చును. వియత్నాములో గాయపడినవారిని తెచ్చు దళమునకు నాయకుడైన మేజరు చార్లెస్ కెల్లీ, 1964 జులై 1న కాల్పుల నడుమ దిగెను. వెళ్లిపొమ్మని క్రిందివారు హెచ్చరించినను, గాయపడినవారు ఎక్కిన తరువాతనే వెళ్లుదునని చెప్పి, అచ్చటనే గుండు తగిలి మరణించెను. ఇదంతయు మేనల్లునికి చెప్పితిని.

అతడు శ్రద్ధగా విని, “మంచిదే మామయ్యా. కాని తుపాకులు పెట్టకపోతే వాటితో జరిగినది జరగకుండా పోతుందా?” అనెను.

నాకు జవాబు తోచలేదు. ఏలయనగా 1962లో గాయపడినవారిని మోయు హ్యూయీలు వియత్నాము చేరెను. ఆ సంవత్సరమే ఆయుధములు కట్టిన హ్యూయీలును చేరెను. ఒకే కర్మాగారము, ఒకే రెక్క, ఒకే చప్పుడు. క్రింద నున్నవానికి ఆ చప్పుడు ప్రాణము కావచ్చును, మరణము కావచ్చును. నేను కోరినది శాంతిని కాదు. నా అలమారలో శాంతముగా కనబడు బొమ్మను. స్ట్రెచర్లు పెట్టించి నా మనస్సాక్షిని చవుకగా ఊరడింపజూచితిని.

యుద్ధయంత్రపు బొమ్మ చేయువాడు యుద్ధమును ప్రేమించువాడని కొందరందురు. అది న్యాయము కాదు. నా మేనల్లుడు చీమను కూడ త్రొక్కడు. ప్లాస్టిక్కు ముక్కలలో పాపమేమున్నదని మరికొందరందురు. ముక్కలలో ఏమియు లేదు, నిజమే. అయితే చూచు కన్నులో ఉండవచ్చును. సొగసును చూచి అక్కడనే ఆగిపోవు కన్ను మెల్లమెల్లగా మొద్దుబారును. అది బొమ్మలయొద్ద ఆగదు. వార్తాపత్రికలో ‘ఇన్ని యంత్రములు, ఇంత వేగము’ అని చదివి మెచ్చుకొని, ఎవరిమీద అని అడుగకయే పుట త్రిప్పును. అట్లు పుట త్రిప్పినవారిలో నేనును ఒకడను.

రెక్కను 48వ వంతు చేయవచ్చును, మనిషి ఎత్తును చేయవచ్చును. నొప్పిని 48వ వంతు చేయు కొలబద్ద ఎక్కడను లేదు. మరియు క్రింద నున్న పల్లె ఆ పెట్టెలో రాలేదు. దానిని చూచువాడే తన తలపులో తెచ్చి అక్కడ ఉంచవలెను. అది చేయగలవాడు నమూనాను నిర్భయముగా చేయవచ్చును. చేయలేనివాడు స్ట్రెచర్లు పెట్టినను అతనికి మేలు లేదు.

మేనల్లుడు తుపాకులే పెట్టెను. నేను వలదనలేదు. పిమ్మట ఒక చిన్న అట్టముక్క కోసి, పేరుతోపాటు ఇట్లు వ్రాసి నమూనా ముందు నిలబెట్టెను: ‘వియత్నాములో సుమారు 7,000 పనిచేసినవి. 3,000కు పైగా నాశనమైనవి. కొన్ని గాయపడినవారిని తెచ్చినవి. కొన్ని గాయపరచినవి.’

మా ఇంటికి వచ్చినవారు మొదట రెక్కను చూచి మెచ్చుకొందురు. అట్టముక్క చదివిన తరువాత కొంచెముసేపు మాటలాడరు. ఆ కొంచెముసేపు మౌనమే ఆ పది దినముల పనికి తగిన ఫలమని నేనెంచుచున్నాను.