అడిగే నోరు, వినే చెవి



డ్యూటీ దిగి వస్తుంటే ఫ్యాక్టరీ గేటు దగ్గర కొత్త కాగితం. రేపటి నుంచి షిఫ్టు వేళలు మారుతున్నాయట. ఇంట్లో చంటిబిడ్డ, మంచం పట్టిన అత్తగారు. గుండెలో రాయి పడుతుంది. అయినా చాలామంది పెదవి విప్పరు. క్యాంటీన్‌లో గొణుక్కుంటారు, ఇంటికొచ్చి పిల్లల మీద విసుక్కుంటారు. చెప్పాల్సిన చోట మాత్రం చెప్పరు.

చట్టం ఈ మౌనాన్ని కోరలేదు. జీతం, పనిగంటలు, షిఫ్టుల పద్ధతి, సెలవుల వంటి షరతులు మార్చాలంటే, ఆ మార్పు తగిలే కార్మికులకు యాజమాన్యం ముందుగా నోటీసిచ్చి 21 రోజులు ఆగాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోని 9ఏ సెక్షన్ చెప్పింది. కొన్ని మినహాయింపులున్నా, 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా ఆ నియమాన్ని నిలబెట్టింది. ఆ గడువు మాట్లాడుకోవడానికి దొరికిన సమయం. దాన్ని మౌనంగా జారవిడుచుకోకూడదు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడగడమంటే గొడవ పడటం కాదు. ఏ మార్పు వచ్చింది, దానివల్ల ఎదురయ్యే ఇబ్బంది ఏమిటి, ఎలా సర్దుబాటు చేయవచ్చు అన్న మూడు సంగతులూ ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. నకలు దగ్గర ఉంచుకోండి. మీలాంటి కష్టమే ఉన్న తోటివారిని కలుపుకోండి.

అధికారి కుర్చీలో ఉన్నవారికీ ఒక మనవి. ఎదుట నిలబడి మాట్లాడేవారు మీ శత్రువులు కారు. పని నిలబడాలని కోరుకుంటున్నారు కాబట్టే మీ దగ్గరికి వచ్చారు.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది. ఈ ఉదయం, మనసులో దాచుకున్న ఆ ఒక్క మాటను మర్యాదగా, ధైర్యంగా చెబుదాం.