గరుకు

మా తమ్ముడు మోటారుసైకిళ్లకు రంగులేస్తాడు. కొత్త ట్యాంకు నల్లటి కంపెనీ పూతతోనే వస్తది. ముందు జిడ్డు తుడిచి, 400 నంబరు వాటర్ పేపర్ తడిపి, మెరుపు పోయేదాకా రుద్దుతాడు. నునుపు మీద రంగు నిలవదు. చెప్పు అడుగుకు బంక పెట్టేముందు మా నాయిన గూడ తోలును గీకి గరుకు చేసేటోడు.

"ఇనుము తేలేదాకా రుద్దొద్దన్నా, తుప్పు పడ్తది" అన్నాడు తమ్ముడు.

కాలేజీలో నేను నా మాదిగవాడ మాటను ఇనుము తేలేదాకానే రుద్దుకున్నాను. ఇప్పుడు పంతులునై, మా వాడ పిల్లాడు రాసిన "నాయిన"ను కొట్టేసి "నాన్న" అని దిద్దాను. వాడు తలొంచుకున్నాడు.

చదువు పట్టడానికి గరుకు చెయ్యొచ్చు. వాడి సొంత పూతనే గీకెయ్యడానికి నేనెవణ్ణి?

మర్నాడు నోటుబుక్కు అడిగి తీసుకున్నాను. నా ఎర్రగీతను నేనే కొట్టేశాను.